పెర్కషన్ రివాల్వర్ల ప్రతిరూపాలు: వర్గీకరణలో పేర్ల చిక్కు

పందొమ్మిదవ శతాబ్ది అమెరికన్ పెర్కషన్ రివాల్వర్లకు ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో వెలువడిన ప్రతిరూపాలు నేడు స్వతంత్రంగా సేకరణ వస్తువులయ్యాయి. సిలిండర్ గదుల్లో నల్లమందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనుక క్యాప్ తొడిగి పేల్చే ఆయుధాలివి. 1861–65 అంతర్యుద్ధపు శతవార్షికోత్సవం సమీపిస్తున్నకొద్దీ అమెరికాలో వీటికి గిరాకీ ఏర్పడింది. నేవీ ఆర్మ్స్ సంస్థకు చెందిన వాల్ ఫోర్గెట్ ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా పనివారిని ఆశ్రయించగా, ఆల్డో ఉబెర్టి 1959లో స్థాపించిన కర్మాగారం కోల్ట్ 1851 నేవీతో ఈ రంగంలో నిలదొక్కుకుంది.

వర్గీకరణకు తొలి ఆధారం నమూనా పేరే అనిపిస్తుంది. నిజానికి చిక్కంతా అక్కడే ఉంది. ‘1858 రెమింగ్టన్’ పేరుతో అమ్ముడుపోయేది న్యూ మోడల్ ఆర్మీ ప్రతిరూపం. దాని మూలం తయారీ 1863లో గాని మొదలుకాలేదు. 1858 సెప్టెంబరు 14 అన్నది ఫోర్డైస్ బీల్స్ పొందిన పేటెంటు తేదీ. గొట్టంపై చెక్కిన ఆ తేదీనే వ్యాపారులు నమూనా పేరుగా మార్చారు. ప్రతిలో అంచున రాసిన మాట మూలపాఠంలో కలిసిపోవడం తాళపత్ర పరిష్కర్తలకు తెలిసిన సంగతే.

1851 నేవీ విషయం మరింత జటిలం. కోల్ట్ తయారుచేసిన మూలం .36 కాలిబరుది, ఇనుప ఫ్రేముది. ట్రిగ్గర్ గార్డు వెనుకభాగం చతురస్రమా, గుండ్రమా, చిన్నదా, పెద్దదా అన్న భేదాలను బట్టి, గొట్టాన్ని బిగించే చీల స్థానాన్ని బట్టి దీనిని నాలుగు ఉపనమూనాలుగా విభజిస్తారు. ఇత్తడి ఫ్రేముతో .44 కాలిబరులో దొరికే ‘1851 నేవీ’కి ఈ నాలుగింటిలోనూ చోటు లేదు. ఇత్తడి ఫ్రేముకు చారిత్రక పూర్వరూపం జార్జియాలోని గ్రిస్వోల్డ్ అండ్ గన్నిసన్ రివాల్వర్. దక్షిణాదిన ఇనుము కొరత వల్ల పుట్టిన ఆ ఆయుధం కూడా .36 కాలిబరుదే. కనుక ఇత్తడి .44ను ప్రతిరూపంగా కాక కల్పితరూపంగా పరిగణించడమే సమంజసం.

1971లో కోల్ట్ సంస్థే పాత నమూనాలను మళ్లీ విడుదల చేసింది. ముడి విడిభాగాలు ఇటలీవి, తుది మెరుగు, ముద్ర కోల్ట్‌వి. సేకర్తలు వీటిని ‘రెండవ తరం’ అంటారు. తరం అన్న మాట వంశక్రమాన్ని సూచిస్తుంది. పుట్టుక దృష్ట్యా ఇవి ఉబెర్టి రివాల్వర్లకు దగ్గరి జ్ఞాతులు. 1994 నుంచి లైసెన్సుతో వెలువడిన మూడవ తరం వాటిపై శామ్యూల్ కోల్ట్ సంతకం ఉన్నా ఇదే మాట వర్తిస్తుంది.

పేరు కంటే పరీక్షాముద్ర నమ్మదగినది. గార్డోనే పరీక్షాశాల ‘పీఎన్’ అక్షరాలతో నల్లమందు ఆయుధమని తెలిపి, పక్కనే సంవత్సర సంకేతం కొడుతుంది. ‘ఎక్స్ఎక్స్’ అంటే 1964, ‘ఏఏ’ అంటే 1975. అయితే యుద్ధదృశ్యాలను ప్రదర్శించే ఔత్సాహికులు సహజత్వం కోసం ఈ ముద్రలను అరగదీయిస్తున్నారు. అదే పని చేసి, కృత్రిమంగా తుప్పు పట్టించి, అసలువిగా అమ్మేవారికీ కొదవ లేదు. అప్పుడు పరిశోధకునికి మిగిలే ఆధారాల్లో ముఖ్యమైనది మరల చుట్టుకొలత: ఇటలీ పనివారు మెట్రిక్ కొలతను వాడారు, మూలాలు అంగుళాల కొలతలో ఉన్నాయి.