దస్తూరీ – టైపుమిషను – సాక్ష్యం

చేతిరాత గొప్పదా, టైపు గొప్పదా అన్న చర్చ ఈ మధ్య మళ్లీ మొదలైంది. చేతిరాతలో మనిషి ఆత్మ ఉంటుందనీ, మీట నొక్కితే పడే అక్షరానికి ప్రాణం ఉండదనీ కొందరు మిత్రులు రాస్తున్నారు. అక్షరం ఎవరి చేతిలో ఉంది, ఏ భాషలో ఉంది, దాన్ని చూసి ఎవరిని పట్టుకోవచ్చు అనే ప్రశ్నలు మాత్రం ఆ చర్చలో ఎక్కడా కనిపించవు. ఈ ప్రశ్నలు లేకుండా రాత చరిత్ర రాస్తే అది కలాల చరిత్ర అవుతుంది తప్ప మనుషుల చరిత్ర కాదు.

ముందు చేతిరాత సంగతి. మన పల్లెల్లో కరణాలు రాసిన గొలుసుకట్టు రాతను చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. కలం ఎత్తకుండా, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం లేకుండా సాగే రాత అది. త్వరగా రాసుకోవడానికే పుట్టి ఉండవచ్చు. ఫలితం మాత్రం వేరు. బడిలో చదువుకుని అచ్చు తెలుగు చదవగలిగిన రైతు కూడా తన పొలం లెక్క తాను చదువుకోలేకపోయాడు. తెలంగాణలో పరిస్థితి ఇంకా ఘోరం. 1884లో పారశీకం పోయి ఉర్దూ పాలనాభాష అయింది. రైతు మాట తెలుగు, కాగితం ఉర్దూ, ఆ ఉర్దూ కూడా చాలాచోట్ల షికస్తా అనే విరుపు రాత. తన పేరు ఏ కాగితంలో ఏ అప్పు కింద ఉందో తెలియని మనిషికి ఆ కాగితం మీది దస్తూరీ అందం ఏం పనికొస్తుంది? 1946–51 సాయుధ పోరాటంలో రైతులు గడీల్లోని అప్పుపత్రాలను తగలబెట్టారు. చేతిరాతలో ఆత్మ ఉందనేవాళ్లు ఆ మంటల్లో కాలింది ఎవరి ఆత్మో కూడా చెప్పాలి. 1984 జనవరిలో వంశపారంపర్య గ్రామాధికారుల ఉద్యోగాలు రద్దయ్యాయి. రాసినవాళ్లు పోయారు గాని రాతలు మిగిలాయి. భూమి తగాదా వస్తే ఆ గొలుసుకట్టు చదివిపెట్టే ముసలివాళ్ల కోసం వెతుక్కోవలసి వచ్చింది.

టైపుమిషను ఈ రహస్యాన్ని కొంత బద్దలు కొట్టింది. అక్షరం ఎవరు కొట్టినా ఒకటే, ఎవరైనా చదవవచ్చు. అయితే అది ఏ కొలిమిలోంచి వచ్చిందో మరిచిపోకూడదు. షోల్స్ తయారుచేసిన నమూనాను 1873లో ఒప్పందం మీద తీసుకుని, మరుసటి ఏడు బజారులో పెట్టిన రెమింగ్టన్ అంతర్యుద్ధంలో తుపాకులు చేసి అమ్మిన కంపెనీ, తర్వాత కుట్టుమిషన్లు చేసిన కంపెనీ. మీటలు చూడకుండా పది వేళ్లతో కొట్టే పద్ధతికి పేరు తెచ్చింది మెక్‌గరిన్ అనే కోర్టు స్టెనోగ్రాఫరు, 1888 జూలైలో సిన్సినాటిలో జరిగిన పోటీలో. ఇంకొకరు చెప్పిన మాటను తప్పు లేకుండా, ఆలస్యం లేకుండా కాగితం మీదికి ఎక్కించడం, అదీ ఆ నైపుణ్యం.

ఆ నైపుణ్యం నేను 1974లో నేర్చుకున్నాను. డిగ్రీ పాసై ఖాళీగా ఉన్న కుర్రాళ్లందరూ చేసిన పనే. చిన్న గది, డజను మిషన్లు, రోజుకు ఒక గంట. మొదటి నెలంతా ‘ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’ అంటూ ఒకే వరుస. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. నాకు స్పీడు రాలేదు. ఇచ్చిన పేరా చదివి, అర్థం చేసుకుని, అప్పుడు కొట్టేవాణ్ణి. మాస్టారు వెనక నిలబడి చూసి, “అర్థం చూసుకుంటూ కొడితే స్పీడు రాదు బాబూ. అర్థం ఆఫీసరు చూసుకుంటాడు. నువ్వు అక్షరం చూసుకో” అన్నారు. పరాయీకరణ గురించి తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. ఆ మాటను మించి ఏదీ గుర్తులేదు.

ఉత్తరం చివర ఎడమపక్కన ఒక గుర్తు పెట్టమని కూడా ఆయనే నేర్పారు. చెప్పిన అధికారి పొడి అక్షరాలు పెద్దబడిలో, ఒక గీత, కొట్టిన టైపిస్టు పొడి అక్షరాలు చిన్నబడిలో. ఉత్తరం మొత్తంలో పనిచేసిన మనిషి ఆనవాలు ఆ రెండు మూడు చిన్న అక్షరాలే. పెద్దబడి, చిన్నబడి అనే తేడా లేని తెలుగులో ఈ అంతస్తు ఎలా చూపించేవారో మాస్టారిని అడిగితే నవ్వారు.

తెలుగులో టైపు కొట్టడమే అప్పుడు పెద్ద సమస్య. ఇంగ్లీషు ఇరవయ్యారు అక్షరాల కోసం చేసిన చట్రంలోకి మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు దూర్చాలి. అక్షరాన్ని ముక్కలు చేసి, ముక్కకొక మీట పెట్టి, కొట్టేటప్పుడు అతకాలి. కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదలదు, తర్వాతి ముక్క పాతదాని మీదే పడాలి. తెలుగును పాలనాభాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ప్రతి బల్ల మీదికీ తెలుగు మిషను రాలేదు. మన లిపే యంత్రానికి పనికిరాదని, దాన్నే సంస్కరించాలని వాదించినవాళ్లున్నారు. చెప్పుకు తగ్గట్టు కాలు కోసుకోమన్నట్టుంది ఆ వాదన.

ఈ లోటు కేవలం సౌకర్యానికి సంబంధించింది కాదని నాకు ఎమర్జెన్సీలో తెలిసింది. 1975 జూన్ తర్వాత ప్రెస్సులు భయపడ్డాయి. మిగిలింది సైక్లోస్టయిలు. స్టెన్సిలు మీద రెండు రకాలుగా రాయవచ్చు. రిబ్బను తప్పించి టైపు కొడితే అక్షరం మైనాన్ని కోస్తుంది. లేదా ఉక్కుమొన ఉన్న స్టైలసుతో చేత్తో గీయాలి. మాకు అందుబాటులో ఉన్నది ఇంగ్లీషు మిషను. కాబట్టి బయటి రాష్ట్రాలకు పంపే ఇంగ్లీషు కాగితాలు నేను టైపు కొట్టేవాణ్ణి. మన జనానికి పంచే తెలుగు కరపత్రాలు ఒక మిత్రుడు స్టైలసుతో గీసేవాడు. ముత్యాల్లాంటి దస్తూరీ అతనిది. కాలేజీలో గోడపత్రిక అంతా అతనే రాసేవాడు గనుక ఊళ్లో సగంమందికి ఆ రాత తెలుసు.

అదే అతన్ని పట్టించింది. స్టేషనులో ఒకే వాక్యాన్ని కుడిచేత్తో, ఎడమచేత్తో, నిలబెట్టి, కూర్చోబెట్టి రాయించారు. 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షను దస్తూరీ నిపుణుడి మాటకు చోటిచ్చేది. నమూనా రాత ఇవ్వడం తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పడం కాదని, కాబట్టి రాజ్యాంగం 20(3) రక్షణ వర్తించదని 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండుమంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. వేలిముద్రలాగే రాత కూడా శరీరంలో భాగమన్నమాట. దర్యాప్తు దశలో నమూనా ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించలేడని సుప్రీంకోర్టు 1980లో అన్నది, దానికి వీలు కల్పిస్తూ 2005లో సవరణ వచ్చింది. మా మిత్రుడి విషయంలో మేజిస్ట్రేటు దాకా ఎవరూ వెళ్లలేదు.

టైపు సంగతి? 1952లో హనుమంత్ నర్గుంద్కర్ కేసులో, ఫలానా ఉత్తరం ఫలానా మిషను మీదే కొట్టారని నిపుణుడు చెప్పే అభిప్రాయం 45వ సెక్షను కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మధ్యప్రాంతంలోని సివనీ సారా బట్టీ టెండరుకు సంబంధించింది, ముద్దాయిల్లో ఒకరు ఎక్సైజు కమిషనరు. అధికారుల, కాంట్రాక్టర్ల కాగితాల తగాదాలో పుట్టిన రక్షణ అది. టైపుమిషను ఉన్నవాడికే వర్తించేది. తెలుగులో, చేత్తో రాసినవాడికి వర్తించదు.

ఇదంతా అప్పుడు నాకు తెలియదు. మిత్రుణ్ణి పట్టుకున్న వారానికి ఇన్‌స్టిట్యూటుకు వెళితే మాస్టారు తలుపు దగ్గరగా వేసి, “మూడో మిషను మీద స్టెన్సిలు కొట్టకు బాబూ. దాని చిన్న ‘ఈ’ ఎడమకి ఒరిగింది. నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు” అన్నారు. మిషనుకూ దస్తూరీ ఉంటుంది. ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు. నేను బయట ఉన్నాను, అతను 1977 దాకా లోపల ఉన్నాడు. నేను ఎక్కువ జాగ్రత్తపరుణ్ణనో, అతను తక్కువ తెలివైనవాడనో ఎవరైనా అంటే ఒప్పుకోను. నా అక్షరం ఇంగ్లీషుది, యంత్రానిది. అతని అక్షరం తెలుగుది, చేతిది.

1996లో ఎస్.జె. చౌదరి కేసులో సుప్రీంకోర్టు 1952 తీర్పును తిరగరాసి, టైపును కూడా నిపుణుల పరిధిలోకి తెచ్చింది. అప్పటికే బల్లల మీదికి కంప్యూటర్లు వస్తున్నాయి. 1955 నుంచి మన దేశంలో టైపుమిషన్లు చేసిన గోద్రెజ్ 2009లో ఆపేసింది. ఇప్పుడు మీట నొక్కినవాణ్ణి పట్టుకోవడానికి ఒరిగిన ‘ఈ’ అక్కర్లేదు, పరికరమే చెబుతుంది.

మన రచయితల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 1981లో లండన్ నుంచి ‘మహాప్రస్థానం’ శ్రీశ్రీ స్వదస్తూరీలో వచ్చింది. నేనూ దాన్ని కళ్లకద్దుకున్నవాణ్ణే. కాని మన రాతప్రతులను కంపోజు చేసిన, టైపు కొట్టిన, డీటీపీ చేసిన మనుషులను మనం ఎన్నడైనా సాహిత్య శ్రామికులుగా లెక్కించామా? టైపు గుమాస్తా పని అనే చిన్నచూపు మనలోనూ ఉంది. 1986లో భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరికగా ఇన్‌స్క్రిప్ట్ వచ్చింది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. నేర్చుకోవడం కష్టమేమీ కాదు, అరవై దాటాక నేను నేర్చుకున్నాను. కాని నేర్పే ఇన్‌స్టిట్యూటు లేదు, నేర్చుకోవాలనే పట్టుదలా తక్కువ. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకునే అలవాటే నిలిచింది. ఇరవయ్యారు అక్షరాల చట్రం ఇంకా మన వేళ్లకింద ఉంది.

ఆ మిత్రుడు విడుదలై వచ్చాక రాసిన ఉత్తరాలు నా దగ్గర పదిహేను దాకా ఉన్నాయి. ఒక్కదానిలోనూ పాత దస్తూరీ లేదు. ప్రతి అక్షరమూ విడివిడిగా, నిటారుగా, అచ్చులో కూర్చినట్టు ఉంటుంది. ఎందుకిలా రాస్తున్నావని ఒకసారి అడిగాను. అలవాటైపోయిందన్నాడు.