కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో కట్టడాల పునరుద్ధరణ, వికలాంగులకు అందుబాటు

2016 అక్టోబరు 11న నిజామాబాదు నుంచి విడివడిన కామారెడ్డి జిల్లాలో పాత కట్టడాల పునరుద్ధరణకు చెప్పుకోదగ్గ నిదర్శనాలు రెండు: కామారెడ్డి డివిజన్‌లోని దోమకొండ కోట, ఎల్లారెడ్డి డివిజన్‌లోని లింగంపేట నాగన్న మెట్ల బావి.

దోమకొండ కోట కామినేని వంశపు సంస్థానాధీశులది. లోపల నల్లరాతి మహాదేవాలయం, అద్దాల మేడ ఉన్నాయి. సంస్థానాలు పోయాక పాడుబడిన కోటను ఆ కుటుంబం నెలకొల్పిన ట్రస్టే బాగుచేయించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో దీనికి 'అవార్డ్ ఆఫ్ మెరిట్' దక్కింది. ఆ ఏడాదే గోల్కొండ మెట్ల బావులకూ ఈ పురస్కారాల్లో చోటు దొరికింది.

ఇలాంటి పనికి ప్రాణం డంగుసున్నం. సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలపడం దక్కను మేస్త్రీలకు తెలిసిన పద్ధతి. పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. కొన్నేళ్లకు గచ్చు పెళ్లలూడుతుంది, రాయీ దెబ్బతింటుంది. సున్నం చెమ్మను వదిలేస్తుంది, అవసరమైతే విప్పి మళ్లీ పూయవచ్చు కూడా. సుస్థిరత గురించి సదస్సుల్లో చెప్పేదానికన్నా ఈ పూతపని చెప్పేదే ఎక్కువ.

18వ శతాబ్దపు నాగన్న బావి పూడికతో, పిచ్చిమొక్కలతో నిండిపోయి ఉండేది. 'ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' అనే బృందం చొరవతో మళ్లీ తేరుకుంది. సికింద్రాబాదులో 2022 డిసెంబరులో తెరిచిన బన్సీలాల్‌పేట బావి వెనక ఉన్నదీ ఈ బృందమే.

వికలాంగులకు అందుబాటు చరిత్ర మాత్రం వేరే దారిలో నడిచింది. ఐక్యరాజ్యసమితి 2006 వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం వికలాంగులకు సాంస్కృతిక జీవనంలో పాలుపంచుకునే హక్కును గుర్తించింది. భారత్ దాన్ని 2007లో ఆమోదించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. దాని 29వ సెక్షన్ వికలాంగ కళాకారులకు చేయూతనివ్వాలని, కళను వికలాంగులకు అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాలకు బాధ్యత పెట్టింది.

చిక్కు ఎక్కడంటే, మెట్ల బావి అంటేనే మెట్లు. చక్రాల కుర్చీ అడుగుదాకా దిగాలంటే బావి రూపమే మారిపోతుంది. పైగట్టున చదునైన బాట, కిందిదాకా కనిపించే చోటు ఏర్పాటు చేయడం మాత్రం కష్టం కాదు. కోట గుమ్మాల దగ్గర మేకు దిగకుండా, తీసేయడానికి వీలయ్యే చెక్క ర్యాంపు వేయవచ్చు. పరిరక్షణ నియమాలకూ అది సమ్మతమే.

చూపులేనివారి విషయంలో ఇబ్బంది ఇంకా సూక్ష్మం. వాళ్లకు తాకడమే చూడడం. గచ్చుపూలను పదిమందీ తడిమితే అరిగిపోతాయి. 1950లలో చూపు కోల్పోయిన చిత్రకారుడు వినోద్ బిహారీ ముఖర్జీ 1972లో శాంతినికేతన్ గోడపై టైళ్ల కుడ్యచిత్రం రూపొందించారు. చేతివేళ్లతో కళ సాధ్యమేనని ఆయనతో రుజువైంది. ఇక కావలసింది తడమడానికి ఒక నకలు. అసలు గోడ పూసిన మేస్త్రీలే అదే డంగుసున్నంతో దాన్ని పోయగలరు.