జలవిద్యుత్తు: వెలిగిన ఊళ్ళు, మునిగిన ఊళ్ళు



అత్తిబెలె దాటితే హోసూరు, ఉత్తరంగా పోతే మాలూరు, కోలారు. ఈ సరిహద్దు తెలుగువాళ్ళకు కరెంటు కథ బెంగుళూరుతో కాదు, కోలారు బంగారు గనులతో మొదలయింది. కావేరి మీద శివసముద్రంలో పుట్టిన విద్యుత్తు 1902లో 90 మైళ్ళకు పైగా తీగల మీద నడిచి గనులకు చేరింది. బెంగుళూరు వీధిదీపాలు వెలిగింది ఆ తర్వాత, 1905లో. ముందు బంగారం, తర్వాతే జనం!

వేసవిలో కావేరి సన్నబడితే గనుల యంత్రాలకు చాలినంత కరెంటు రాదు. 1911లో కన్నంబాడి ఆనకట్ట పని మొదలుపెట్టడానికి పొలాల తడితో పాటు ఈ అవసరమూ కారణమే. పాత కన్నంబాడి ఊరు నీళ్ళలో కలిసింది. గనులేమో 2001లో మూతపడ్డాయి.

స్వాతంత్ర్యం వచ్చాక వేగం పెరిగింది. జోగ్ దగ్గరి విద్యుత్కేంద్రం కోసం శరావతి మీద హిరేభాస్కర ఆనకట్ట కట్టారు. 1964లో పూర్తయిన లింగనమక్కి జలాశయం ఆ ఆనకట్టనే ముంచేసింది. అడవులు పోయాయి, జోగ్ జలపాతం వానాకాలపు వేడుకగా మిగిలింది. సిగందూరు వైపు జనం అరవై ఏళ్ళపాటు లాంచీల మీద నీళ్ళు దాటారు. వంతెన 2025 జులైలో వచ్చింది.

ఇక శ్రీశైలం సంగతి. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసినప్పుడు ఇది ప్రధానంగా విద్యుత్తు కోసం తలపెట్టిన ప్రాజెక్టు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు, సుమారు లక్షమంది జనం దాని కింద పడ్డారు. 1981 వేసవిలో, వానలు రాకముందే ఖాళీ చేయించాలని, ఉన్న ఇళ్ళను ప్రభుత్వమే కూలగొట్టించింది. నష్టపరిహారం కట్టింది పట్టా ఉన్న భూమికి. మరి కూలివాడికి? కౌలుదారుకు? వాళ్ళ బతుకుకు ఏ కాగితమూ లేదు. ఇంటికొక ఉద్యోగమని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి ముసలివాళ్ళయినవారు ఎందరో.

జలాశయానికీ వయసు మీద పడింది. మొదట 308 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక చేరి సుమారు 215కు తగ్గింది. ఎగువ నేల కోసుకుపోయి వచ్చిన మట్టే అది. ఇంత త్యాగం చేయించి, ఆ గిన్నెను కాపాడుకోలేకపోవడం నాకైతే మింగుడుపడదు.

కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడికి జరిగిన ఆ మర్యాద ఊరికి జరగలేదు. కర్నూలు వైపు సంగమేశ్వరంలో, వేపదారు లింగమున్న గుడి నీళ్ళలోనే ఉండిపోయింది. వేసవిలో నీరు తగ్గితే బయటపడుతుంది. అప్పుడు మునిగిన ఊళ్ళవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, మన ఇల్లు ఆ పక్కనే ఉండేదని నీటివైపు చెయ్యి చూపిస్తారు.