అగ్గి తెగులు నివారణలో వృక్ష కషాయాలు

వరి పంటను ఆశించే శిలీంధ్ర వ్యాధులలో అగ్గి తెగులు ముఖ్యమైనది. పైరిక్యులేరియా ఒరైజే అనే శిలీంధ్రం దీనికి కారకం. ఆకులపై నూలుకండె ఆకారంలో, గోధుమ రంగు అంచులు, బూడిద రంగు మధ్యభాగం గల మచ్చలు ఏర్పడతాయి. ఉధృతి ఎక్కువైతే మచ్చలు కలిసిపోయి పైరు తగులబడినట్లు కనిపిస్తుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో విస్తారంగా సాగయ్యే సాంబ మసూరి (బి.పి.టి. 5204) ఈ తెగులును తట్టుకోలేని రకం. దీని నివారణకు రసాయన మందులతో పాటు వేప, వెల్లుల్లి, తులసి వంటి మొక్కల కషాయాలను కూడా ఉపయోగిస్తారు.

వ్యాధి సోకే విధానం

తడి ఆకుపై పడిన శిలీంధ్ర బీజం మొలకెత్తి, మెలనిన్ పొర గల ఒక చిన్న బుడగను ఏర్పరుస్తుంది. అందులోని పీడనం సుమారు 80 అట్మాస్ఫియర్ల వరకు పెరుగుతుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది దాదాపు 40 రెట్లు. ఈ బలంతోనే శిలీంధ్రం ఆకు పైపొరను చీల్చుకొని లోనికి చొచ్చుకుపోతుంది. ట్రైసైక్లజోల్ అనే మందు మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది. ఐరోపా సమాఖ్య 2017లో బియ్యంలో ఈ మందు అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుండి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. దీనితో ముఖ్యంగా బాస్మతి ఎగుమతిదారులకు ప్రత్యామ్నాయాల అవసరం ఏర్పడింది.

కషాయాలలోని పదార్థాలు

వెల్లుల్లిని నూరినప్పుడు అల్లిసిన్ తయారవుతుంది. ఇది శిలీంధ్ర బీజాలు మొలకెత్తకుండా చేయగలదు, కాని త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కావున నిల్వ ఉంచిన కషాయానికి బలం తక్కువ. తులసిలో యూజినాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్, గోరింటాకులో లాసోన్ ఉంటాయి. వేపలోని అజాడిరాక్టిన్ ప్రధానంగా కీటకాలపై పనిచేసే పదార్థం. వేప కషాయం పురుగును అదుపు చేసినంతగా తెగులునూ అదుపు చేస్తుందనుకోవడం సరికాదు.

తయారీ

5 శాతం వేప గింజల కషాయానికి 5 కిలోల గింజల పప్పును పొడిచేసి, పలుచని గుడ్డలో మూటకట్టి 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెడతారు. మూటను బాగా పిండి, ద్రావణాన్ని వడగట్టి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి, 100 లీటర్లకు నీరు చేరుస్తారు. ఎండకు అజాడిరాక్టిన్ చెడిపోతుంది కాబట్టి సాయంత్రం పిచికారీ చేయడం మంచిది.

పరిమితులు

ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో శిలీంధ్రాన్ని ఆపిన కషాయం పొలంలో అంతగా పనిచేయకపోవచ్చు. అక్కడ వాన దానిని కడిగివేస్తుంది, ఎండ విరిచివేస్తుంది. పైగా ప్రయోగాలలో తరచు ఆల్కహాలుతో తీసిన సారాన్ని వాడతారు, రైతు వాడేది నీటి కషాయం. అన్నిటికంటే ముఖ్యమైన విషయం సమయం. కషాయాలు బీజం మొలకెత్తక ముందు ఆకును కాపాడగలవే గాని, లోనికి చేరిన శిలీంధ్రాన్ని నయం చేయలేవు. తెగులు వెన్ను మెడకు సోకి మెడ విరుపుగా మారితే గింజలు తాలుగా మారతాయి. ఆ నష్టం పూడ్చలేనిది. అందువలన తెగులును తట్టుకొనే రకాల ఎంపిక, నత్రజని ఎరువును మోతాదు మించకుండా దఫాలుగా వేయడం, గట్లపై గడ్డి తొలగించడం వంటి పద్ధతులకు తోడుగానే కషాయాలను వాడవలసి ఉంటుంది.