మన వెనకాలే గల్ఫ్‌కొచ్చిన ఎర్రముక్కు పురుగు

మజరాల్లో పనికి కుదిరిన మనవాళ్లకు మొదట్లోనే చెవినబడే అరబ్బీ మాటల్లో ‘సూసా’ ఒకటి. ఖర్జూర చెట్టును లోపల్నుంచి తినేసే పురుగు అది. తుప్పు రంగు ఒళ్లు, ఒకటిన్నర అంగుళం దాకా పొడవు, ముందుకు వంగిన ముక్కు. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకు చూపిస్తే చటుక్కున ఇంకో పేరు చెప్తారు: ఎర్రముక్కు పురుగు. వాళ్ల కొబ్బరి తోటలకు తాతల కాలం నాటి శత్రువు. దీని పుట్టిల్లు దక్షిణాసియా, ఆగ్నేయాసియా. గల్ఫ్‌కు ఇదీ మనలాగే వలస వచ్చింది.

చమురు డబ్బు వచ్చాక ఇక్కడ కొత్త తోటలు లేచాయి, రోడ్ల పక్కన వరసలుగా చెట్లు లేచాయి. వాటి కోసం పిలకలు, పెరిగిన చెట్లు కూడా దేశాలు దాటి వచ్చాయి. వాటితోపాటే లోపల గుడ్లు, పురుగులు కూడా. 1985లో యూఏఈలో దీన్ని గుర్తించారు. కొద్దికాలంలోనే సౌదీలోని ఖతీఫ్‌లో కనబడింది. 1990ల మొదట్లో ఒమన్, ఈజిప్టు, ఆ వెంటనే స్పెయిన్. ఈ పురుగు ఎగురుతుంది, నిజమే. కానీ సముద్రాలు దాటింది రెక్కలతో కాదు, చెట్ల వ్యాపారంతో. వీసా, మెడికల్ అని మనల్ని లైన్లో నిలబెట్టినంత గట్టిగా ఆ పిలకలను ఎవరూ నిలబెట్టినట్టు లేదు!

వచ్చిన పురుగుకు ఇక్కడ విందు దొరికింది. మైళ్ల కొద్దీ ఒకే జాతి చెట్టు. సౌదీలోని అల్-అహ్సా ఒయాసిస్‌నే తీసుకోండి. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ఆ చోట సుమారు 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి. ఖతీఫ్ తర్వాత పురుగు అక్కడికీ పాకింది. దగ్గర దగ్గరగా నాటిన చెట్లు, మొదళ్ల చుట్టూ నిలిచే నీళ్లు, తేమ, గుబురుగా పెరిగే గడ్డి, పిలకలు. ఎక్కువగా పట్టేది ఇరవై ఏళ్లలోపు లేత చెట్లకు, అదీ నేలకు దగ్గరి భాగంలో.

తెలంగాణ పల్లెల్లో ఈత చెట్టు గీసేటప్పుడు చూసినవాళ్లకు దీని గుణం చెప్పక్కర్లేదు. గీసిన చోట కల్లు వాసనకు పురుగూ పుట్రా ముసురుతాయి. ఖర్జూరం ఈతకు దగ్గరి చుట్టమే. మట్ట కోసిన చోట, పిలక తీసిన చోట వచ్చే పచ్చి వాసన పట్టుకుని ఆడ పురుగు వస్తుంది. ఆ గాయంలో గుడ్లు పెడుతుంది. తన జీవితంలో మొత్తం రెండు మూడు వందలు. కోనసీమలో అయితే కొమ్ము పురుగు ముందు కన్నం పెడితే, ఇది వెనక నుంచి దూరుతుంది. పొదిగిన పిల్లలు ఒకటి నుంచి మూడు నెలలు మానును తొలిచి తిని, ఆ పీచుతోనే గూడు చుట్టుకుంటాయి. మూడు నాలుగు నెలలకో తరం. ఒక్కోసారి ఒకే చెట్టులో తరం మీద తరం. బయటికి చెట్టు నిండు ముత్తైదువలా ఉంటుంది. మొవ్వు వాలిందంటే మాత్రం అప్పటికే చెయ్యి దాటిపోయినట్టు.

మొదట్లో అందరూ మందునే నమ్మారు. కానీ మాను లోపలున్న పురుగుకు పైన కొట్టిన మందు తగలదు. 1993లో శాస్త్రవేత్తలు ఈ పురుగు తన తోటివాటిని పిలిచే వాసనేమిటో గుర్తించారు. దాంతో మన పత్తి చేలల్లో కట్టే లింగాకర్షక బుట్టల్లాంటివి ఇక్కడా వచ్చాయి. బకెట్టులో ఆ వాసన బిళ్ల, కొన్ని ఖర్జూరాలు, నీళ్లు. ఇదీ పూర్తిగా కొత్త ఉపాయమేం కాదు. చీల్చిన కొబ్బరి మొద్దులకు కల్లు పూసి పురుగును రప్పించి పట్టడం కొబ్బరి రైతులకు పాత విద్యే. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాం. నీళ్లెండిన బకెట్టు లేని బకెట్టు కంటే చెడ్డది. వాసనకు పురుగు వస్తుంది, మునగదు, పక్క చెట్టెక్కుతుంది. ఎండాకాలం ఆ నీళ్లు పోసేది ముదీర్ కాదు, మనమే.

2017 మార్చిలో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ రోమ్‌లో ఈ ఒక్క పురుగు మీద దేశాలన్నిటినీ కూర్చోబెట్టింది. ముప్పై ఏళ్లు దాటినా అది అదుపులోకి రాలేదు మరి. ముందుగా పసిగట్టాలి, చెట్ల రవాణాను కట్టడి చెయ్యాలి, రైతును కలుపుకోవాలి అన్న మాటలు అక్కడ గట్టిగా వినిపించాయి. రైతు అంటే ఇక్కడెవరు? కఫీల్ తోటకు ఎప్పుడో వచ్చిపోతాడు. రోజూ చెట్టు మొదట్లో కూర్చునేది మనవాడు. మాను మీద గోధుమ రంగు జిగురు కారుతోందా, పులిసిన కంపు వస్తోందా, నమిలి ఊసినట్టు పీచు రాలుతోందా, పిలక ఉన్నట్టుండి ఎండిందా అన్నది ముందు వాడి కంటే పడుతుంది. మొదట్లో గడ్డీ పనికిరాని పిలకలూ తీసెయ్యడం అందుకే: అందానికి కాదు, అడుగు భాగం కనబడ్డానికి. మట్టలు చలికాలంలో కోస్తే పురుగు తాకిడి తక్కువ. కోసిన గాయానికి ఆ రోజే మందు పూయించాలి. ఇంత తెలిసిన పనివాడిని చాలా కాగితాల్లో ఇంకా ‘లేబర్’ అనే రాస్తున్నారు, అది వేరే సంగతి.

పురుగు కన్నాల్లో పెట్టి మట్టితో మూసే మందు గోళీల గురించీ చెప్పాలి. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. తేమ తగిలితే ఫాస్ఫీన్ గ్యాస్ వదులుతాయి. దానికి విరుగుడు మందు లేదు. తోటలో మిగిలినవి గదికి తెచ్చి నల్లులకు పెట్టే అలవాటు కొన్ని క్యాంపుల్లో ఉంది. యూఏఈలో ఇలా ఒక ఫ్లాట్‌లో పెట్టిన గోళీల గ్యాస్ పక్క ఫ్లాట్‌లోకి పాకి పసిపిల్లలు చనిపోయిన ఘటనలు జరిగాయి. తోటలో కూడా చేతి తొడుగులు, గ్యాస్ మాస్కు లేకుండా, శిక్షణ ఇవ్వకుండా ఈ పని చెప్తే చెయ్యనని చెప్పండి, మాకు ఫోన్ చెయ్యండి. గదిలో ఎవరైనా గోళీలు పెట్టారని తెలిస్తే వెంటనే అందరూ బయటికి రావాలి, పక్క గదులవాళ్లనూ లేపాలి. వాంతులు, ఆయాసం, ఛాతీలో బిగుతు ఉంటే ఆలస్యం చెయ్యకుండా అంబులెన్స్: యూఏఈలో 998, సౌదీలో 997. డాక్టరుకు గోళీల పేరు చెప్పండి.