కంప్యూటర్ ప్రవేశాధికారం: స్థానిక ఖాతా నుండి ఆన్‌లైన్ ఖాతా వరకు

ఉపోద్ఘాతం:
కంప్యూటర్‌లోకి ప్రవేశించే వ్యక్తి గుర్తింపును ఎవరు ధ్రువీకరించాలన్న ప్రశ్నకు ఆరు దశాబ్దాల చరిత్ర ఉంది. 1960ల ఆరంభంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రూపొందిన సి.టి.ఎస్.ఎస్. వ్యవస్థలో ఒకే యంత్రాన్ని పలువురు పంచుకొనేవారు. ఎవరి ఫైళ్లు వారికే అందేలా పాస్‌వర్డ్‌ను ప్రవేశపెట్టారు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్ ఒక్కరి వాడుకకు ఉద్దేశించినది కనుక దాని డాస్ వ్యవస్థ వాడేవారి పేరు అడగలేదు. 1993 నాటి విండోస్ ఎన్.టి.లో ఖాతాలు ఉన్నా, స్థానిక ఖాతా వివరాలు ఆ యంత్రంలోనే నిలిచి ఉండేవి.

ప్రోత్సాహం నుండి నిర్బంధానికి:
మైక్రోసాఫ్ట్ 1999లో పాస్‌పోర్ట్ అనే ఆన్‌లైన్ గుర్తింపు సేవను ప్రారంభించింది. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ, ఆ సేవలో చేరమని వినియోగదారులను ప్రోత్సహించింది. గోప్యతా సంస్థలు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. పాస్‌పోర్ట్ భద్రత, గోప్యతల గురించి చేసిన వాగ్దానాలు తప్పుదోవ పట్టించేవన్న ఆరోపణలపై 2002లో రాజీ కుదిరింది.

2012 నాటి విండోస్ 8లో ఆన్‌లైన్ ఖాతా నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రవేశద్వారానికే చేరింది. స్థానిక ఖాతాకు అవకాశం ఉన్నప్పటికీ దానికి ప్రాధాన్యం తగ్గింది. 2021లో విండోస్ 11 హోమ్ ఎడిషన్, తొలి అమరికకు ఇంటర్నెట్‌నూ మైక్రోసాఫ్ట్ ఖాతానూ తప్పనిసరి చేసింది. 2022లో వ్యక్తిగత వాడుకకు సంబంధించినంతవరకు ప్రో ఎడిషన్‌కూ ఇదే నియమం వర్తించింది. కొందరు ప్రత్యేక ఆదేశాల ద్వారా ఈ షరతును దాటుతూ వచ్చారు. 2025లో ప్రయోగాత్మక రూపాల నుండి అటువంటి మార్గాలను కూడా సంస్థ తొలగించసాగింది.

లాభనష్టాలు:
ఈ మార్పులో వినియోగదారునికి మేలు లేకపోలేదు. డిస్క్‌ను తెరిచే రికవరీ కీ ఆన్‌లైన్ ఖాతాలో భద్రపడితే ఆపత్కాలంలో ఆదుకుంటుంది. అయితే ఆ ఖాతాయే స్తంభించి, కీకి మరో ప్రతి లేనట్లయితే, తన బల్లపై ఉన్న యంత్రంలోని సమాచారమే యజమానికి అందకుండా పోవచ్చు. పరిశోధకుల సిద్ధాంత గ్రంథాలూ క్షేత్రపర్యటనల రికార్డింగులూ ఇందుకు మినహాయింపు కావు. యాపిల్ మ్యాక్ ఓ.ఎస్. తన ఖాతాను అడిగినా, ఆ దశను దాటవేయనిస్తుంది. డెబియన్ వంటి లినక్స్ వ్యవస్థలు అసలు అడగవు. కనుక ఈ నిర్బంధం సాంకేతిక అనివార్యత కాదు, సంస్థాగత నిర్ణయం.

ముగింపు:
తొలినాటి ఖాతా ఒక వినియోగదారుని ఫైళ్లను తోటి వినియోగదారుల నుండి కాపాడింది. నేటి ఖాతా వినియోగదారుణ్ణి తయారీ సంస్థతో ముడివేస్తోంది. ఆన్‌లైన్ ఖాతా ఉపయోగకరమైనదే అయినా, దానిని కాదనే వీలు తొలి తెరపైనే స్పష్టంగా కనిపించినప్పుడే వినియోగదారుని అంగీకారం నిజమైన అంగీకారమవుతుంది.