పేరు అమ్ముకున్న కారీగర్

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఫన్‌కార్ అంటే కళాకారుడు. కారీగర్ అంటే చేతిపనివాడు. మహఫిల్‌లో వాహ్వా అంతా ఫన్‌కార్‌కే. ఆయన ఒళ్ళో ఉన్న సాజ్ ఎవరు చేశారని అడిగేవాళ్ళు తక్కువ. మిరజ్‌లో తరతరాలుగా సితార్లు చేసే ఖాందాన్‌లున్నాయి. సితార్ వినే మనలో ఎంతమందికి వాళ్ళ పేర్లు తెలుసు?

ఆ లెక్కన అమెరికావాడు లియో ఫెండర్ కిస్మత్ మంచిదే. ఆయన చేసిన ఎలక్ట్రిక్ గిటార్ల తల మీద ఆయన పేరే ఉంటుంది. దునియాలో రాక్ సంగీతం మోగే ప్రతిచోటా ఆ పేరు కనబడుతుంది. కానీ ఆయన జిందగీలో చివరి 26 ఏళ్ళు ఆ పేరు మీద ఆయనకు హక్కు లేదు.

ఇంకో తమాషా కూడా ఉంది. ఈయనకు గిటార్ వాయించడం రాదు. చిన్నప్పుడు పియానో, తర్వాత శాక్సాఫోన్ కొంచెం నేర్చుకున్నాడు, అంతే. తను చేసిన గిటార్‌ను శ్రుతి చేయాలన్నా పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే.

పుట్టింది 1909 ఆగస్టు 10న, కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ దగ్గర. తల్లిదండ్రులది నారింజ తోట. చిన్నతనంలోనే జబ్బు చేసి ఎడమ కన్ను తీసేశారు, గాజు కన్ను పెట్టారు. షౌక్ మాత్రం రేడియోల మీద. అయినా రోజీ రోటీ కోసం అకౌంటెన్సీ చదివి హిసాబ్ కితాబ్ రాసే నౌకరీలో చేరాడు. 1930ల మాంద్యంలో అదీ పోయింది. 1938లో 600 డాలర్లు అప్పు చేసి ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మత్తు దుకాణం తెరిచాడు.

డ్యాన్స్ హాళ్ళలో వాయించే సంగీతకారులు చెడిపోయిన ఆంప్లిఫైయర్లు పట్టుకుని ఆ దుకాణానికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు వేరే బాధ కూడా ఉండేది. మామూలు గిటార్ పొట్ట బోలుగా ఉంటుంది. దాని ఆవాజ్ పెద్ద బ్యాండ్‌లో వినబడదు. వినబడాలని మైకుకో ఆంప్లిఫైయర్‌కో తగిలించి వాల్యూమ్ పెంచితే, స్పీకర్ లోంచి వచ్చిన శబ్దానికి ఆ బోలు పొట్ట మళ్ళీ అదిరి కూత మొదలవుతుంది. సభల్లో మైకు కీచుమనడం మనకు తెలిసిందే కదా, అదే.

ఫెండర్ పొట్టనే తీసేశాడు. గట్టి చెక్క పలక, దాని మీద ఉక్కు తీగలు, తీగల కింద అయస్కాంతాలు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ వేల చుట్లు. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగి తీగలో సన్నని కరెంటు పుడుతుంది. ఆంప్లిఫైయర్ ఆ కరెంటును పెంచి ఆవాజ్‌గా మారుస్తుంది.

ఇన్సాఫ్‌గా చెప్పాలంటే ఇదంతా ఈయన ఒక్కడి ఈజాద్ కాదు. జార్జ్ బోషాంప్ రూపొందించిన ఎలక్ట్రిక్ గిటార్‌ను రికెన్‌బ్యాకర్ కంపెనీ లాస్ ఏంజెలెస్‌లో 1930లలోనే అమ్మింది. గట్టి చెక్క ప్రయోగాలు లెస్ పాల్, పాల్ బిగ్‌స్బీ కూడా చేశారు. నా దృష్టిలో ఫెండర్ కమాల్ వేరే. ఆయన ఒక మిస్త్రీలా ఆలోచించాడు. ఇది చెడిపోతే బాగుచేసేదెట్లా? పాతకాలపు గిటార్ మెడ విరిగితే, జిగురుతో అతికించిన ఆ మెడను ఉస్తాద్ చేతికివ్వాలి, వారాలు ఆగాలి. ఫెండర్ మెడను నాలుగు స్క్రూలతో బిగించాడు. ఇది విప్పి ఇంకోటి పెట్టుకో, రాత్రికి ప్రోగ్రాముకి వెళ్ళు. నజాకత్ లేని పలక అని నవ్వినవాళ్ళున్నారు. మరమ్మత్తు బల్ల ముందు కూర్చున్నవాడికే వచ్చే ఆలోచన అది.

పేరు గొడవ మొదట్నుంచీ ఉంది. 1945లో డాక్ కాఫ్‌మన్‌తో కలిసి పెట్టిన మొదటి కంపెనీకి ఇద్దరి పేర్లలోని అక్షరాలతో కే అండ్ ఎఫ్ అని పేరు పెట్టారు. అప్పులంటే భయపడి కాఫ్‌మన్ తప్పుకున్నాడు. తర్వాత గట్టి చెక్క గిటార్‌కు బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెడితే, ఆ పేరుతో మాకు డ్రమ్ములున్నాయని గ్రెచ్ కంపెనీ అభ్యంతరం చెప్పింది. స్టిక్కర్లలో ఆ ముక్క కత్తిరించి, 1951లో కొన్ని నెలలు ఆ పేరు లేకుండానే అమ్మారు. ఇవాళ పాత సాజ్‌లు పోగుచేసేవాళ్ళు వాటి కోసం పెద్ద మొత్తాలు పోస్తున్నారు. చివరికి టెలికాస్టర్ అన్నారు. అదే ఏడాది ప్రెసిషన్ బేస్, 1954లో స్ట్రాటోకాస్టర్. దాని ఒంపుల ఆకారం గీసింది ఫ్రెడ్డీ టవారెస్ అనే హవాయి సంగీతకారుడు.

ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళలో మెక్సికన్ మూలాలున్నవాళ్ళు చాలామంది. టాడియో గోమెజ్ అనే కార్మికుడు గిటార్ మెడ చివర, స్క్రూల కింద దాగిపోయే చోట, పెన్సిల్‌తో తన పేరు మొదటి అక్షరాలు, తేదీ రాసేవాడు. విప్పితే తప్ప కనబడదు. 1956లో చేరిన అబిగైల్ ఇబారా దశాబ్దాల పాటు రాగి తీగ చుట్టింది. మనం ‘ఫెండర్ ఆవాజ్’ అనేదానిలో ఆమె వేళ్ళ మెహనత్ ఎంత ఉందో!

1950లలో ఫెండర్‌కు ఒక ఇన్ఫెక్షన్ పట్టుకుంది. ఏళ్ళ తరబడి తగ్గలేదు. ఇక బతకననుకుని 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్‌కు 1.3 కోట్ల డాలర్లకు అమ్మేశాడు. దాంతో పేరు కూడా పోయింది. తర్వాత ఇంకో డాక్టర్ ఇచ్చిన యాంటీబయాటిక్స్‌తో జబ్బు తగ్గిపోయింది. మనిషి మిగిలాడు, చేతుల్లో హునర్ మిగిలింది, రాసుకోవడానికి పేరు లేదు. 1969లో వుడ్‌స్టాక్‌లో జిమీ హెండ్రిక్స్ స్ట్రాటోకాస్టర్ మోగిస్తున్నప్పుడు దాని మీద ఉన్న పేరు సీబీఎస్ జాయ్‌దాద్.

ఇంట్లో కూర్చోలేకపోయాడు. 1975లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ అధ్యక్షుడయ్యాడు. తర్వాత పాత దోస్త్ జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ పెట్టాడు. జీ అంటే జార్జ్, ఎల్ అంటే లియో. ఇంటిపేరు పెట్టుకునే వీల్లేదు మరి. ఆ ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరేమో ఫెండర్ అవెన్యూ! 1985లో తన పాత గిటార్ రూపంలోనే ఒకటి చేసి బ్రాడ్‌కాస్టర్ అని మళ్ళీ పేరు పెట్టాడు. ఈసారి అభ్యంతరం గ్రెచ్ నుంచి కాదు, ఫెండర్ కంపెనీ నుంచే వచ్చింది. దాన్ని అసాట్‌గా మార్చాల్సి వచ్చింది.

నన్నడిగితే ఆయన దీని గురించి మరీ బాధపడి ఉండడు. స్క్రూడ్రైవర్ చేతిలో ఉంటే చాలనుకునే మిజాజ్. ముసలితనంలో పార్కిన్సన్ వచ్చినా ఫ్యాక్టరీకి వెళ్తూనే ఉన్నాడు. 1991 మార్చి 20న కూడా వెళ్ళి పనిచేశాడు. మర్నాడు ఇంతెఖాల్ అయ్యాడు.